పే స్లిప్పులో ఒక్క లైన్

ఎక్స్‌రే గదిలో పనిచేసే అన్న చొక్కాకి చిన్న బ్యాడ్జి ఉంటుంది, చూశారా? ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది లెక్కపెడుతుంది. విమానంలో మనకి నీళ్లిచ్చే అక్కకి అలాంటిదేం ఉండదు.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి కాస్మిక్ కిరణాలు ఎక్కువ తగులుతాయి. ధ్రువాల వైపు వెళ్తే ఇంకా ఎక్కువ. అమెరికాలో విమాన సిబ్బందికి ఏడాదికి సగటున 3 మిల్లీసీవర్ట్‌లని అంచనా. 2018లో హార్వర్డ్ పరిశోధకులు అక్కడి 5,000 మందికి పైగా ఫ్లైట్ అటెండెంట్లని పరిశీలిస్తే రొమ్ము, చర్మ క్యాన్సర్లు మిగతా జనంలో కంటే ఎక్కువ కనిపించాయి. కారణం రేడియేషనే అని తేలలేదు. వేళాపాళా లేని నిద్ర కూడా కావచ్చు. కాబట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు.

నా బాధల్లా ఒకటే. దీనికి బ్యాడ్జి కూడా అక్కర్లేదు. ఎక్కిన ఊరు, దిగిన ఊరు, ఎత్తు, తేదీ ఇస్తే డోసు చెప్పే 'కారీ' అనే ప్రోగ్రామ్‌ని అమెరికా విమానయాన శాఖే ఉచితంగా ఇస్తోంది. యూరప్‌లో ఆ లెక్క కట్టాలని చట్టం ఉంది. అమెరికాలో లేదు. రోస్టర్ మీద ఒక లూప్ రాస్తే అయిపోయే పని, మన ల్యాబ్ అసైన్‌మెంట్ అంత!

కడుపుతో ఉన్న అక్క ఇంకెన్ని ట్రిప్పులు వెళ్లాలో తేల్చుకోవాలంటే ఆ నంబర్ ఆమె చేతిలో ఉండాలి కదా. పే స్లిప్పులో ఒక్క లైన్ చేర్చడానికి ఏంటి అడ్డం?