మన మిల్లు క్లోరిన్, జనం మీద ఆయుధం



బ్లీచింగ్ సెక్షన్‌లో పనిచేసిన వారికి క్లోరిన్ సంగతి చెప్పనక్కరలేదు. నేను కుర్రవాడిగా పనిచేసిన మిల్లులో ఒక రాత్రి షిఫ్టులో సిలిండర్ వాల్వు లీకైంది. కూలబడి దగ్గుతున్న మమ్మల్ని ముసలి మేస్త్రీ "కూర్చోకండిరా, పైకెక్కండి!" అని అరిచి మెట్లెక్కించాడు. క్లోరిన్ గాలికంటే సుమారు రెండున్నర రెట్లు బరువు. పల్లానికే పారుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి ఉండబట్టి బతికాం.

సిరియా అంతర్యుద్ధంలో దూమా పట్టణ ప్రజలు బాంబులకు భయపడి నేలమాళిగల్లో తలదాచుకున్నారు. 2018 ఏప్రిల్ 7న వారి ఇళ్లమీద రెండు క్లోరిన్ సిలిండర్లు పడ్డాయి. బాంబునుంచి కాపాడే చోటే విషవాయువుకు బోను అయింది. 43 మంది చనిపోయారని, సిలిండర్లు వేసింది సిరియా వైమానిక దళమేనని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ 2023 జనవరిలో తేల్చింది. అప్పటి సిరియా ప్రభుత్వం, దానికి అండగా నిలిచిన రష్యా దీన్ని ఒప్పుకోలేదు.

అదే యుద్ధంలో 2013 ఆగస్టు 21న ఘూతాలో సారిన్ వాయువు వందలాది మందిని బలిగొంది. సారిన్‌ను తయారుచేయకుండా నిషేధించవచ్చు. క్లోరిన్‌ను ఎలా నిషేధిస్తాం? గుడ్డకు, కాగితానికి, తాగే నీటికి అది కావాలి. అందుకే 1997లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం క్లోరిన్ ఉంచుకోవడాన్ని కాదు, దాన్ని ఆయుధంగా వాడటాన్ని నేరమన్నది. మన దేశం ఆ ఒప్పందంలో చేరి, తన రసాయన ఆయుధ నిల్వలను 2009 నాటికి పూర్తిగా ధ్వంసం చేసింది.

"ఎక్కడో సిరియా గొడవ మనకెందుకు? బోనస్ సంగతి చూడండి" అని కొందరనవచ్చు. సిరియా దూరమే, శ్రీలంక దూరం కాదు. 1990 జూన్‌లో ఎల్.టి.టి.ఇ. వారు ఒక కాగితం మిల్లు క్లోరిన్‌ను తూర్పు కిరాన్ సైనిక శిబిరం మీద వదిలారు. అక్కడున్నది సైనికులే కావచ్చు, తప్పు తప్పే. ప్రభుత్వం వాడినా, తిరుగుబాటుదారులు వాడినా, మనకు ఇష్టమైనవారు వాడినా ఒకటే మాట చెప్పగలిగితేనే మన ఖండనకు విలువ.

ఆ సిలిండర్లను నింపేదీ, మోసేదీ, వాల్వు తిప్పేదీ మనలాంటి కార్మికులే. కనుక ధర్మపురి కార్మికులుగా మనం రెండు పనులు చేయాలి. మొదటిది, జనం మీద విషవాయువు వాడిన వారెవరైనా విచారణకు నిలబడాలని తీర్మానం చేయడం. రెండోది, క్లోరిన్ వాడే ప్రతి మిల్లులో సిలిండర్ల లెక్క పుస్తకం, మాస్కులు, లీకైతే ఎటు పరుగెత్తాలో నేర్పే శిక్షణ ఉండాలని యాజమాన్యాలను నిలదీయడం.

నూలును తెల్లబరిచే సరుకు మనిషి ఊపిరి తీయకూడదు. ఈ మాట చెప్పే హక్కు అందరికంటే ముందు మనకే ఉంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

కార్యదర్శి