ఆన్ చేయడం తేలికే, ఆఫ్ మాటేంటి?

వేలు తెగితే చర్మం దానంతటదే అతుక్కుంటుంది కదా, అందులో వింతేముందీ అనుకుంటాం. ఈజీఎఫ్ అనే ప్రొటీన్ (దీన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కి 1986లో నోబెల్ వచ్చింది) కణం మీది రిసెప్టర్‌కి అంటుకోగానే లోపల టైరోసిన్ కైనేజ్ ఆన్ అవుతుంది. కణాలు కదిలి, చీలి, గాయాన్ని పూడుస్తాయి. పని కాగానే ఆఫ్ అవ్వాలి. కొన్ని ఊపిరితిత్తుల కేన్సర్లలో అవ్వదు. మన భాషలో ఇన్‌ఫినిట్ లూపన్నమాట! దాన్ని ఆపే జెఫిటినిబ్ వాడితే చాలామందికి చర్మం మీద దద్దుర్లు. చర్మానిదీ అదే స్విచ్చు మరి.

షుగర్ పుళ్ళకి మన భారత్ బయోటెక్ వాళ్ళ ఈజీఎఫ్ జెల్ ఉంది. మందుల షాపులో కొనేసి నాన్నగారి కాలికి రాసేసి ఊరుకోకండి. ఆ పుండు కేన్సర్‌ది కాదని, కాలికి రక్తం అందుతోందని ముందు డాక్టరు చూడాలి. టెస్టింగ్ లేకుండా మనం కోడ్ రిలీజ్ చేస్తామా?