లెక్క చెప్పని హితవు

పట్టా అందుకునే రోజున పిల్లలకు పెద్దలు రెండు రకాల హితవు చెబుతారు. వేదిక మీది అతిథి మనసుకు నచ్చిన పనే ఎంచుకోమంటాడు. 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ జాబ్స్ చెప్పిందీ అదే. ఇంట్లోవాళ్లు మాత్రం ముందు జీతం చూసుకోమంటారు. ఆ పిల్లల చేతిలో ఎన్నేళ్లున్నాయన్నది ఇద్దరూ అడగరు. ప్రభుత్వ కొలువుల పరీక్షలకు చదవడానికి నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లో హాస్టల్ వెతుక్కునేవాళ్లకు డబ్బు కన్నా, ఆశయం కన్నా ముందు కరిగిపోయేది వయసే.

తెలంగాణ ఏర్పడ్డాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇస్తే నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కో కొలువుకు ఏడు వందల మంది! అక్టోబరులో మెయిన్స్ ముగిసినా వివాదం ముగియలేదు, 2025లో ఫలితాల మీద మళ్లీ కోర్టుకెక్కారు. గరిష్ఠ వయోపరిమితి 34 నుంచి తొలి నోటిఫికేషన్ నాటికి 44కు, రెండోదాని నాటికి 46కు పెరిగింది. ఆలస్యానికి బలైనవాళ్లకు అది న్యాయమే. కానీ తలుపు తెరిచి ఉన్నంతకాలం గడప దగ్గరే నిలబడాలనిపిస్తుంది. అలా నిలబడ్డ ప్రతి నెలా హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు, టెస్ట్ సిరీస్ ఖర్చు ఊళ్లో ఎవరో ఒకరు కష్టపడి పంపాల్సిందే. గ్రూప్-1తో వచ్చే డిప్యూటీ కలెక్టర్ కొలువులో జీతమూ ఉంది, నలుగురికి ఉపయోగపడే అవకాశమూ ఉంది. అలాంటప్పుడు డబ్బా, ఆశయమా అని ఆ అభ్యర్థిని నిలదీయడంలో అర్థం లేదు.

జీతం చూసుకోమనే మాటా అంత గట్టిది కాదు. పెద్ద సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవారి జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే ఆగిపోయింది. అద్దెలు ఆగలేదు. అలాగని డబ్బుతో సంతోషం రాదని చెప్పడమూ తప్పే. ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెద్దగా పెరగదని 2010లో డానియల్ కానెమన్, ఆంగస్ డీటన్ తేల్చారు. 2023లో కానెమనే మరో ఇద్దరితో కలిసి ఆ లెక్కను సరిచేశారు. ఎక్కువమందిలో ఆదాయంతో పాటు సంతోషమూ పెరుగుతూనే ఉందన్నారు. ఆదాయం తక్కువున్న ఇంట్లో అదనంగా వచ్చే వెయ్యి రూపాయల విలువ మరీ ఎక్కువ. డబ్బు గురించి ఆలోచించకు అని కౌలురైతు బిడ్డకు చెప్పే హక్కు ఏ వక్తకూ లేదని నా అభిప్రాయం.

ఇలా లెక్కలు ముందు పెడితే కలలు చచ్చిపోవా, బడిపంతులు పనికి ఎవరు వస్తారు అని అడిగేవారున్నారు. 2017 తర్వాత ఏడేళ్లకు, 2024లో 11,062 పోస్టులతో ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ జరిగితే రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. పాఠం చెప్పాలన్న కోరికకు కరువేం లేదు. ప్రైవేటు బడి ఇచ్చే జీతంతో ఇల్లు గడవకపోవడమే కరువు. గెలిచినవాళ్లంతా ఏళ్ల తరబడి ఓపిక పట్టినవాళ్లే కదా అన్న వాదన ఇంకా బలమైనది, నిజం కూడా. అయితే ఓడినవాళ్లూ అంతే ఓపిక పట్టారు. వాళ్ల ఫొటోలు మెట్రో స్తంభాల పక్కనున్న కోచింగ్ కేంద్రాల ఫ్లెక్సీల మీద కనిపించవు, అందుకే ఓపికకూ విజయానికీ ఉన్న సంబంధం ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది.

ర్యాంకర్ ఫొటో వేస్తే అతడు ఏ కోర్సు తీసుకున్నాడో కూడా చెప్పాలని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలిచ్చింది. అది చాలదు. మొత్తం ఎందరు చేరారో కూడా పక్కనే రాయించాలి. పట్టా ఇచ్చే కాలేజీలు కూడా మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎందరికి పని దొరికింది, ఎంత జీతానికి, ఎందరు ఇంకా పరీక్షలకే చదువుతున్నారు అన్న పట్టికను బయటపెట్టాలి. అది చూశాక కూడా మూడేళ్లు గ్రూప్స్‌కే ఇస్తానని ఓ అమ్మాయి అంటే వద్దనాల్సిన పనిలేదు. ఏ నెలలో ఆపాలో, ఆలోగా పక్కన ఏ పని నేర్చుకోవాలో, ఇంటి నుంచి ఎంతవరకు తీసుకోవచ్చో మాత్రం పెద్దలు ఆమెతో కూర్చుని కాగితం మీద పెట్టించాలి.