గనులలో విద్యుత్తు - కూలివాని ప్రాణము

1902వ సంవత్సరమున కావేరిపై శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు విద్యుచ్ఛక్తి వచ్చెను. బెంగుళూరు వీథులలో ఆ దీపములు వెలిగినది 1905లో. పట్టణముకంటె ముందు గనికి కరెంటు దొరకెను. ఆ గనులలో మన తెలుగుకూలీల చెమటయు గలదు. లాభము లండనునకు పోయెను. అపాయము కూలివాని పాలయ్యెను. 1956లో గనులు ప్రభుత్వపరమై, 2001లో మూతపడెను. కాని ప్రశ్న మూతపడలేదు. నేడు కడపజిల్లా తుమ్మలపల్లె యురేనియపు గనిలోను మనవారు భూగర్భమున పనిచేయుచున్నారు.

కూలివాని అజాగ్రత్తయే ప్రమాదములకు మూలమని కొందరు పలుకుదురు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. తడిచేతితో మోటారుమీట నంటరాదని మెదకుసీమ ఎల్దుర్తి రైతు సైతమెరుగును. గనిలోనో, నేలయు గోడయు నీరోడుచుండును. రాళ్లపై నీడ్వబడు తీగతొడుగు చినుగును. ఇనుపయంత్రపు ఒడలంతయు కరెంటెక్కును. దానిని కన్ను చూడజాలదు. ఇట్టిచో కూలివాని జాగ్రత్త యేమి చేయును? యంత్రమును భూమికి కలుపు తీగ చెడకుండవలెను. కరెంటు దారితప్పిన క్షణముననే సరఫరా తెగవలెను. మరమ్మతు చేయువాడు మీటకు తాళమువేసి, తాళపుచెవిని తన మొలనుంచుకొనవలెను. ఇవి యజమాని సొమ్ముతో అమర్పవలసినవి.

భూగర్భమున చేతిదీపమునకు 30 వోల్టులు మించరాదని 1956 నాటి విద్యుత్తు నిబంధనలే శాసించెను. శాసనము కాగితముపై నున్నంతమాత్రమున ప్రాణము నిలువదు. తీగల పరీక్షాఫలితములను గనివాకిట తెలుగున అంటింపుడు. కాంట్రాక్టుకూలికిని శిక్షణ నిండు. అపాయమని తోచినపుడు పని నాపు హక్కు నిండు. ఖనిజము దేశసంపదయే, దానిని త్రవ్వు చేయి దేశసంపద కాదా?