పెడల్ మెత్తబడినప్పుడు

వరంగల్లు నుంచి ములుగు, ఏటూరునాగారం దాటి, గోదావరి వంతెన మీదుగా అడవిదారిన వచ్చే వాహనానికి ఛత్తీస్‌గఢ్‌లో తగిలే చెప్పుకోదగ్గ ఊరు భోపాల్‌పట్నం. ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు ఇక్కడికి దగ్గరలోనే ఉన్నది. బజారులో తెలుగు, గోండి, హిందీ కలగలిసి వినిపిస్తాయి. ఇక్కడినుంచి బీజాపూర్ యాభై కిలోమీటర్ల పైచిలుకు. జగదల్‌పూర్ రెండువందలు దాటుతుంది. నడుమ అడవి, వాగులు, రోడ్డుకు అడ్డంగా నిలిచే పశువులు. ఇటువంటి ఊరిలో టీకొట్టు ముందు బండి ఆపబోయిన చోదకునికి, బ్రేకు పెడల్ పొద్దుటికన్నా రెండంగుళాలు లోతుకు పోయినట్లు తోచిందనుకుందాం. అతడు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ బండితో ముందుకు పోవచ్చునా, పోరాదా?

సాధారణంగా జరిగేది వేరు. బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బాలోకి తొంగిచూచి, తగ్గి ఉంటే నింపి, నాలుగుసార్లు పెడల్ తొక్కి, గట్టిపడినట్లుంది అనుకుని బయలుదేరుతారు. గట్టిపడిన మాట నిజమే కావచ్చును. కాని అసలు ఎందుకు మెత్తబడిందో తెలియకుండా గట్టిపడినదానిని నమ్మరాదు.

ద్రవాన్ని ఎంత ఒత్తినా దాదాపు కుదించుకుపోదు. ఒకచోట ఒత్తిన ఒత్తిడి మూసి ఉన్న ద్రవమంతటా సమానంగా వ్యాపిస్తుంది. పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన ఈ సూత్రమే నేటి కారు బ్రేకులకు ఆధారం. దీనిని మోటారు బండికి అన్వయించి 1917లో పేటెంటు పొందిన అమెరికన్ మాల్కం లాగ్‌హెడ్. అతని ఇంటిపేరును జనం సరిగా పలకలేకపోవడంతో అది ‘లాక్‌హీడ్’గా మారి, విమానాల కంపెనీ పేరుగా లోకమంతటా వ్యాపించింది. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులతో వచ్చింది. హెన్రీ ఫోర్డు మాత్రం కడ్డీలను, తీగలను నమ్ముకుని 1939 మోడళ్ల దాకా ఆగాడు. ఆయన జంకు పూర్తిగా అర్థరహితమేమీ కాదు. తీగ తెగితే కంటికి కనబడుతుంది. గొట్టంలో చేరిన గాలిబుడగ కనబడదు. దానిని పాదంతోనే పసిగట్టాలి.

పసిగట్టే పద్ధతికి పానాలేవీ అక్కరలేదు. బండిని సమతలం మీద నిలిపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, ఇంజను ఆపాలి. మొదట పెడల్‌ను ఐదారుసార్లు తొక్కి వదలాలి. బూస్టరులో మిగిలిన వాక్యూమ్ దీనితో ఖర్చయిపోతుంది. ఇక పాదానికి తగిలేది ఆయిల్ ఒత్తిడి మాత్రమే. అప్పుడు పాదాన్ని ఒకే బలంతో పెడల్ మీద ఆనించి ఒక నిమిషం కదలకుండా ఉంచాలి. ఆ తరువాత, పాదం తీయకుండానే ఇంజను స్టార్టు చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగుతుంది. అది బూస్టరు పనిచేస్తున్నదనడానికి గుర్తు. దీనినే జబ్బుగా భావించి మెకానిక్కుల చుట్టూ తిరిగేవారు తక్కువేమీ కాదు.

ఆ నిమిషంలో పాదం కింద ఏం జరిగిందన్నదే రోగనిర్ణయం. పెడల్ నిలిచింది గాని రబ్బరు బంతిని తొక్కినట్లు సాగుతూ ఉన్నది, వరుసగా తొక్కితే కాస్త పైకి వస్తున్నది అంటే, గొట్టాలలో గాలి చేరింది. గాలి తనంతట తాను రాదు. ఇటీవల ప్యాడ్లో, సిలిండరో మార్చిన బండి అయితే గాలి సరిగా తీయలేదన్నమాట. కుడి కాలిపర్‌ను ఎడమకు, ఎడమదానిని కుడికి బిగించినప్పుడు గాలి తీసే నిపుల్ అడుగువైపుకు పోతుంది. గాలి పైకి చేరుతుంది, నిపుల్ కింద ఉంటుంది. ఆ బండికి సీసాలకొద్దీ ఆయిల్ పోసినా పెడల్ బాగుపడదు. ఏ పనీ చేయించకుండానే గాలి పట్టిందంటే ఎక్కడో కారుతున్నది. టైర్ల లోపలివైపు, వెనుక డ్రమ్ముల అడుగున, రబ్బరు గొట్టాల అతుకుల వద్ద తడి వెదకాలి. ఎక్కడా తడి లేకుండానే డబ్బాలో మట్టం తరుగుతున్నదంటే, ఆయిల్ మాస్టర్ సిలిండర్ వెనుకనుంచి బూస్టరు లోపలికి కారుతుండవచ్చును. అయితే మట్టం నెలల తరబడి మెల్లగా తగ్గడం దోషం కాదు. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది.

పెడల్ మొదట గట్టిగానే ఉండి, ఆ నిమిషంలో మంచం కింద నీడలా మెల్లమెల్లగా నేలవైపు జారిపోతూ, బయట ఎక్కడా తడి కనబడకపోతే, అది అన్నిటికన్నా మోసకారి లక్షణం. మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లు అరిగి, ఆయిల్ వాటి పక్కనుంచి వెనక్కి జారుతున్నది. డబ్బాలో మట్టం తగ్గదు గనుక చూచేవారికి అంతా సవ్యంగానే ఉంటుంది. గట్టిగా తొక్కితే వాషరు అంచు గోడకు అదుముకుని పెడల్ నిలిచినట్లే ఉంటుంది. అందుకే ఈ పరీక్షను తేలికపాటి ఒత్తిడితో కూడా చేయాలి. సిగ్నలు దగ్గర నిలిచినప్పుడు పెడల్ కిందికి పోతున్నదని ఎవరైనా చెబితే దానిని భ్రమగా కొట్టివేయరాదు. ఈ బండి భోపాల్‌పట్నం దాటి ఒక్క మైలు కూడా పోరాదు.

వరుసగా రెండోసారి తొక్కేసరికే పెడల్ పైకి వచ్చి రాయిలా నిలిస్తే సంగతి అంత భయంకరం కాదు. వెనుక డ్రమ్ములలో లైనింగులు అరిగి, షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగింది. హ్యాండ్ బ్రేకు లివరు మునుపటికన్నా ఎక్కువ పళ్ళు పైకి వస్తున్నదంటే ఇదే కావచ్చును. లైనింగు మిగిలి ఉంటే సర్దితే చాలు, నెమ్మదిగా ముందుకు సాగవచ్చును.

ఇంతవరకు చెప్పినవి నిలిచిన బండిలో తెలిసేవి. ఒకటి మాత్రం నిలిచిన బండిలో తెలియదు. బరువు వేసుకుని, దిగుడు దారిలో మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ వచ్చినప్పుడు పెడల్ మెత్తబడి, అరగంట చల్లారితే మళ్ళీ మామూలవుతుంది. మెకానిక్కు చూచేసరికి రోగం ఉండదు. దీనికి కారణం ఆయిల్‌లో చేరిన నీరు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగరాదు, సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. కాలిన ప్యాడ్ల వేడికి చక్రం దగ్గరి ఆయిల్ మరిగి ఆవిరైతే, ఆవిరి కూడా గాలివలెనే నలుగుతుంది. బస్తరు వానకాలాన్ని ఎరిగినవారికి తేమ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చమనడం ఇందుకే. దిగుడులో బ్రేకు మీద భారం తగ్గించి, గేరు తగ్గించి దిగడం పాత లారీ డ్రైవర్లకు చెప్పకుండానే తెలుసు. వాగు దాటిన తరువాత తడిసిన బ్రేకులు పట్టకపోవడం మాత్రం ఇది కాదు. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండే ఆగదు. తేలికగా బ్రేకు ఆనించి కొంత దూరం నెమ్మదిగా నడిపితే ఆరిపోతుంది.

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు, నిపుల్‌కు సరిపోయే పానా, సన్నని పారదర్శకపు గొట్టం, కొద్దిగా ఆయిల్ పోసిన సీసా చాలు. గొట్టం కొస ఆయిల్‌లో మునిగి ఉండాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటారు. రెండవవారు నిపుల్ వదులుచేసి, బుడగలు వచ్చాక బిగించి, అప్పుడు ‘వదులు’ అంటారు. ఆ మాట వినకముందు పాదం తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. చక్రాల వరుస ఏ బండికి ఆ బండిది. పుస్తకం చూచుకోవడం మేలు. డబ్బా మధ్యలో ఖాళీ కానీయరాదు. ఏళ్ళు గడచిన మాస్టర్ సిలిండర్ అయితే పెడల్ కింద చిన్న కర్రముక్క పెట్టాలి. రోజూ వాషరు పోని లోతులో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. పెడల్‌ను నేలదాకా తొక్కితే వాషరు ఆ గరుకు మీద చీరుకుపోతుంది. గాలి తీయించిన మరునాడే సిలిండర్ పోయిందని మెకానిక్కును తిట్టుకునే సందర్భాలలో కొన్ని ఇవి. ఏబీఎస్ ఉన్న బండిలో దాని పెట్టెలోకే గాలి చేరితే ఈ చేతిపని చాలకపోవచ్చును, కంప్యూటర్ యంత్రం ఉన్న వర్క్‌షాపుకు పోవలసి ఉంటుంది.

దారిలో బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజను ఆయిల్ పోయడం మహాపరాధం. ఖనిజతైలం తగిలిన రబ్బరు ఉబ్బిపోతుంది. ఆ తరువాత లోపలి రబ్బరు భాగాలన్నీ మార్చవలసిందే. సగం వాడి మూతపెట్టిన సీసా ఏడాదిగా డిక్కీలో ఉంటే అదీ పనికిరాదు, తేమ పట్టి ఉండవచ్చును. పెట్టుకోవలసింది సీలు విప్పని చిన్న సీసా.

నడుస్తుండగానే పెడల్ నేలకు పోతే ఇంజను ఆపరాదు. తాళం తిప్పితే బూస్టరు సహాయం పోతుంది, స్టీరింగు బిగుసుకోవచ్చును. పెడల్‌ను వెంటవెంటనే తొక్కుతూ, ఒక్కొక్క గేరే తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు బొత్తాం వేలితో నొక్కి ఉంచి లివరును కొద్దికొద్దిగా ఎత్తాలి. హ్యాండ్ బ్రేకును తీగ లాగే బండ్లలో దానికి ఆయిల్‌తో పనిలేదు.