తప్పు శిష్యునిదా, గురువుదా?

2025 సెప్టెంబరు 27న అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు ఒరెగాన్ చేతిలో 24-30తో ఓడింది. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డ్రూ ఆలర్ చివరి బంతిని ప్రత్యర్థి చేతికే విసిరాడు. కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించాలని అభిమానులు నినదించారు. ఆ ఆగ్రహం న్యాయమే. తొలి పది ర్యాంకుల జట్లతో ఆయన ఆడించిన 25 ఆటలలో గెలుపులు నాలుగే!

అయితే అదే నోటితో ఆలర్‌ను నిందించడం అన్యాయం. 2014 నుండి క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, ఫలితం మారలేదు. ఏటేటా కొత్త విద్యార్థులు వచ్చినా అందరూ ఒకే ప్రశ్నకు తప్పుతుంటే, ఉపాధ్యాయునిగా నేను ముందు బోధననే శంకిస్తాను.

అక్టోబరు 11న ఆలర్ గాయపడ్డాడు. అతని కాలేజీ ఆట ముగిసింది. మరునాడు కోచ్‌ను తొలగించారు. నవంబరులోనే ఆయనకు వర్జీనియా టెక్‌లో కొలువు దొరికింది. శిక్ష ఎవరికి పడినట్లు?