ససిమ గాయము

తొలి శతాబ్దుల క్రైస్తవ సంఘచరిత్ర యనగానే మనకు హతసాక్షులు, మతసభలు, సిద్ధాంత కలహములు స్ఫురించును. ఆ కోలాహలము నడుమ ఇద్దరు సహాధ్యాయుల కథ యొకటి కలదు. విద్యార్థులును, వారికి చదువు చెప్పువారును తెలిసికొనదగినది.

క్రీ. శ. నాలుగవ శతాబ్ది మధ్యమున, నేటి తుర్కీలోని కప్పదొకియ నుండి గ్రెగొరీ, బాసిలు అను యువకులు చదువులకై ఏథెన్సు చేరిరి. క్రొత్త విద్యార్థిని ఆటపట్టించి, స్నానశాల వరకు ఊరేగించుట అచ్చటి ఆచారము. (ఈ వేడుక మన కళాశాలల సొంత సొత్తు కాదన్నమాట!) ముందుగా వచ్చియున్న గ్రెగొరీ తోడివారిని ఒప్పించి బాసిలునకు ఆ అవస్థ తప్పించెను. చెలిమి అట్లు బలపడెను.

370లో బాసిలు కైసరయకు బిషప్పయ్యెను. రెండేండ్లకు వాలెన్సు చక్రవర్తి కప్పదొకియను రెండుగా చీల్చెను. క్రొత్త భాగముపై త్యానా బిషప్పు అంథిమసు అధికారము చెప్పుకొనగా, బాసిలు తన పట్టు నిలుపుకొనుటకు క్రొత్త పీఠములు కల్పించి తనవారిని అందు నిలిపెను. గ్రెగొరీకి దక్కినది ససిమ. మూడు బాటలు కలియు మజిలీ యది. నీరు లేదు, పచ్చిక లేదు, దుమ్మును బండ్ల రొదయు తప్ప. గ్రెగొరీ అచట నిలువలేదు. ఊరి అల్పత్వము కంటె, చిరకాలమిత్రుడు తన్ను చదరంగపు పావువలె కదపెనే యను బాధ ఆయనను దహించెను.

బాసిలు పక్షమునను న్యాయము లేకపోలేదు. చక్రవర్తి ప్రతిపక్ష సిద్ధాంతమును ఆదరించువాడు. సంఘమును కాచుటకు నమ్మినవారు కావలెను. ఆపదలో మిత్రుని గాక ఎవరిని పిలుతుము? కాని పిలుచుట వేరు, ఒత్తిడి చేసి కట్టివేయుట వేరు.

379లో బాసిలు మరణించెను. జబ్బుతోనున్న గ్రెగొరీ అంత్యక్రియలకు పోలేకపోయెను. సుమారు మూడేండ్లకు కైసరయలో ఆయన చేసిన స్మారకోపన్యాసము గ్రీకు వాఙ్మయమున ప్రసిద్ధము. ఏథెన్సు దినములను ఎంత ప్రేమతో తలచుకొనెనో! అంతటి ప్రశంసలోను ససిమ మాట దాచలేదు. ఆ ఒక్క పని తనకు మింగుడు పడలేదనియు, కాలము సైతము ఆ నొప్పి మాన్పలేదనియు, బాసిలు పట్టణముననే, ఆయన జనుల యెదుటనే చెప్పెను. వెంటనే, మిత్రుడు దైవకార్యమును స్నేహమునకు మించినదిగా ఎంచెననియు అంగీకరించెను.

మన సంతాపసభలలో దోషములు మరచినట్లు నటింతుము, అది మర్యాద. సమాధానపడుట అంతకంటె కష్టము. గ్రెగొరీ నిజముగా సమాధానపడెనా? అదే కాలపు ఆత్మకథా కావ్యమున ససిమను తలచి మరల మండిపడెను. బాసిలు సమాధికై చరమపద్యములు వ్రాసినదియు ఆ కలమే. వానిలోను ఏథెన్సు మరల వచ్చినది.